ముసురులో ఎండిన వడియాలు

జూలై 6. పొద్దుటి నుంచీ ముసురు.

కొమురమ్మ పెద్దమ్మ ఇంటికి ఇవాళ రెండో ముద్ర వేశాను. మూడోది పడితే ఆ ఇంటికి కరెంటు పోతుంది. కరెంటు పోతే ఆమె భర్త ఓదేలు పెద్దబాపుకు ఊపిరి అందించే యంత్రం ఆగిపోతుంది. ఇదంతా తెలిసే వేశాను. ఆ ఇంట్లో పొగ ఉంది, నేనేం చేసేది?

నా పని వాసన పట్టడం. మూతపడిన ఏడో బాయి బొగ్గుగని కాలనీలో ఇంటింటి గుమ్మం ముందు నిలబడి, మెడలో వేలాడే పరికరాన్ని లోపలికి చూపిస్తాను. పచ్చగా వెలిగితే ఆ ఇంట్లో నిప్పు లేదు. ఎర్రగా వెలిగితే ఎవరో ఏదో కాలుస్తున్నారు. దాని అసలు పేరు పలకాలంటే అరపూట పడుతుంది కాబట్టి ఆఫీసువాళ్ళు కూడా ముక్కు అనే అంటారు. కాలనీవాళ్ళు నన్ను ఎదురుగా సులోచనక్కా అంటారు, వెనక పొగ పోలీసమ్మ అంటారు.

ముక్కుకు రంగులే తెలుసు. అనుమానం తెలియదు. అందుకే ఈ రోజువారీ రాత నేను వేరుగా రాసుకుంటున్నాను. అనుమానం నాకు మా అమ్మ నుంచి వచ్చింది. ఆమె పాలవాడి చెంబులో వేలు ముంచి చూడకుండా ఏనాడూ పాలు పోయించుకోలేదు.

వచ్చే నెల ఇరవైన మా రాష్ట్రం సున్నా అయిందని ప్రకటిస్తారు. అంటే రాష్ట్రం మొత్తంలో గాలిలోకి పోయే పొగ సున్నా. బస్సులు తీగల మీద నడుస్తున్నాయి. మట్టిగుట్టల నిండా సోలార్ పలకలు పరిచారు. గేదెలకు కూడా తేన్పులు తగ్గే దాణా పెడుతున్నాం. అగ్గిపెట్టె కావాలంటే సంతకం పెట్టాలి, ఊదుబత్తికి పండక్కొక టోకెను. అందరూ విసుక్కున్నా నేను విసుక్కోలేదు. పక్షులు తీగల మీది నుంచి రాలిపడిన ఆ ఎండాకాలంలోనే మా చెల్లె వడదెబ్బకు పోయింది. సున్నా అంటే నాకు అది.

రూళ్ళు గట్టివే. ముక్కు ఎర్రబడితే దాని మీట నొక్కి ఆ ఇంటికి ముద్ర వేస్తాం. మూడు పడితే కరెంటు దానంతటదే పోతుంది, ముక్కు మళ్ళీ పచ్చబడితేనే తిరిగి వస్తుంది. లంచమిచ్చి ఆపుకుందామంటే మధ్యలో మనిషి లేడు. పగలు తీర్చుకుంటామేమోనని మాకు వారానికి ఒక్క ముద్రే ఇస్తారు. ఒకప్పుడు కార్మికులు హాజరు వేయించుకున్న మస్టరు హాలే ఇప్పుడు సున్నా ఆఫీసు. ఈ రూళ్ళు వచ్చిన రోజు దాని ముందే సభ జరిగింది. "సున్నా ముందు అందరూ సమానమే, మా ఆఫీసు తలుపుకూ ఇంటి నంబరే ఉంది, మాకూ ఇదే రూలు" అని నగరం నుంచి వచ్చిన పెద్దసారు మైకులో చెప్పాడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

జూలై 9. ముసురే.

నల్లా దగ్గర సాంబలక్ష్మి ఆపింది. కొమురమ్మది, ఈమెది ఒకే గోడ. నోరు తెరిస్తే మూయదు కానీ, కళ్ళు మంచివి.

"అక్కా, గామె ఇంట్ల పొయ్యి లేకుంటే నా చెవులు కోసుకుంట. పొద్దంత తలుపేసుకునే ఉంటది. ఏం జేస్తది లోపట?"

"పండుకుంటదేమోనే."

"పండుకునేటోళ్ళ ఇంట్ల వడియాలు ఎట్ల ఎండుతయ్? నిన్న నాకు గిన్నెడు ఇచ్చింది. చూడు."

కొంగు ముడి విప్పి చూపించింది. గుమ్మడి వడియాలు. ఒకటి పంటి కింద పెడితే ఫట్‌మని విరిగింది. సూర్యుడి మొహం చూసి వారం దాటింది. మా ఇంట్లో ఆరేసిన చీరలు ముక్కవాసన కొడుతున్నాయి. కరెంటు పళ్ళెం మీద ఎండబెడితే అంచులు మాడి, నడుమ పచ్చిగా ఉంటుంది. ఇవి మే నెల ఎండలో ఎండినట్టు సమంగా ఉన్నాయి.

"మొత్తం కాలనీ సున్నా అయితేనే ఇంటికో బ్యాటరీ ఇస్తరట" అంది సాంబలక్ష్మి. "ఎండకాలం కూలర్ రాత్రంత నడుస్తది. ఒక్క ముసలిదాని వడియాల కోసం మనమందరం ఉడుకుదామా?"

నిప్పు లేనిదే పొగ రాదు. ముసురులో వడియం అంతకన్నా ఎండదు. ఆ ఇంట్లో నిప్పు ఉంది, ఇక నాకు సందేహం లేదు. కాకపోతే ముద్రలకు భయపడాల్సిన మనిషి వడియాలు పంచిపెట్టడమే నాకు మింగుడు పడలేదు. దొంగలు వీధిలో పంచిపెట్టరు.

జూలై 17. తుంపర.

అనిరుద్ధ్ సారుతో కలిసి కొమురమ్మ ఇల్లు వెతికాం. సారు ఇక్కడి సున్నా ఆఫీసుకు అధికారి. నగరం మనిషి, చిన్నవాడు, మాట మెత్తన. మెత్తగా మాట్లాడేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ గిట్టదు.

గుమ్మంలోనే పెద్దమ్మ అడ్డం పడింది. "బూట్లు ఇడిచి రాండ్రి బిడ్డా."

"డ్యూటీలో విప్పకూడదమ్మా, రూలు" అన్నాడు సారు. అది నిజమే. మాకు మందపాటి రబ్బరు బూట్లిచ్చి, వాసన పట్టేటప్పుడు విప్పొద్దని మొదటి పాఠంలోనే చెప్పారు. ఎందుకో చెప్పలేదు.

అటక మీద, మంచం కింద, దేవుడి గూటిలో కూడా చూశాం. పొయ్యి లేదు, బొగ్గు లేదు, బూడిద లేదు. ముక్కు మాత్రం లోపల అడుగు పెట్టగానే ఎర్రబడి, బయటికి వచ్చేదాకా అలాగే ఉంది. ఓదేలు పెద్దబాపు మంచం మీద నుంచి నన్నే చూస్తున్నాడు. మా బాపుతో కలిసి బాయి దిగిన మనిషి. బొగ్గుదుమ్ము ఊపిరితిత్తులను తినేసింది. యంత్రం గుస్సుమన్నప్పుడల్లా ఆయన ఛాతీ కొంచెం లేస్తోంది.

సారు పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేశాడు. "పొయ్యి ఆర్పెయ్యమ్మా. ముక్కు అదే పచ్చబడుతుంది. భయమేం లేదు."

"పొయ్యి ఉంటె గద బిడ్డా ఆర్పేది."

బయటికి వచ్చాక అడిగాను, పొయ్యి దొరకలేదు కదా, ఎట్లా అని. "దొరకాల్సిన పని లేదు సులోచన గారూ. పొగ ఏ కప్పు కింద ఉంటే పొయ్యి ఆ కప్పువాళ్ళదే. రూలు చదవలేదా? మీ మూడో ముద్ర వచ్చే నెల ఇరవైలోపు పడాలి."

సంతకం కోసం ఆయన వెంటే ఆఫీసుకు వెళ్ళాను. గది నిండా మల్లెపూల సెంటు. ఎప్పుడు వెళ్ళినా అదే వాసన, ముక్కుపుటాలు మండేంత. బల్ల కింద ఒక చెక్కపలక వేసుకుని, పాదాలు దాని మీద పెట్టుకుని కూర్చుంటాడు. నగరం నాజూకు అనుకున్నాను. అనుకున్నానే కానీ మనసు అక్కడే గీరుకుంటూ ఉంది.

జూలై 23. వాన తెరిపిచ్చింది, ఎండ లేదు.

మూడో ముద్ర వేసేద్దామని బయలుదేరాను. ఎట్లాగూ వెయ్యాలి, నాన్చితే నాకే నిద్ర పట్టదు. ఈసారి ఒక్కదాన్నే వెళ్ళాను.

తలుపు కొట్టగానే తియ్యలేదు. తీశాక తెలిసింది ఎందుకో. గుమ్మం నుంచి మంచం దాకా నేలంతా పాత పంచెలు పరిచి, వాటి నిండా వడియాలు పెట్టింది. సర్దేందుకు టైం చాలలేదు.

"బూట్లు ఇడిచి రా. తినేటియ్యి. వాటి మీద నుంచి బూట్లతోని దాటుతవా? మీ అవ్వ గిట్లనే నేర్పిందా?"

రూలు సంగతి నోటిదాకా వచ్చింది. కానీ మా అమ్మ పేరెత్తాక ఇంకేం రూలు? బూట్లు గుమ్మం బయట విడిచి, నేల మీద పాదం పెట్టాను. వెంటనే వెనక్కి తీసుకున్నాను. మళ్ళీ పెట్టాను. ఇస్త్రీ చేసి తీసిన బట్ట మీద కాలు పెట్టినట్టుంది. వంగి అరచెయ్యి ఆనించాను. పంచె కిందే కాదు, గోడ వారన, మూలన, గడప లోపల, అంతటా వేడే.

"ఎప్పటి సంది?" అన్నాను.

"పోయిన చలికాలం సంది. చలికి ఆయనకు దగ్గు ఆగకపోయేది. నేల వెచ్చవడ్డంక మంచిగ పండుకుంటుండు. ఎవలికన్న చెప్తే ఇల్లు ఖాళీ చెయ్యుమంటరు. గీ మనిషిని ఎత్తుకొని నేను యేడికి పోవాలె?" కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అందుకే తలుపేసుకుంటున్న. దొంగతనం గిదే, ఇంకోటి లేదు బిడ్డా."

మంచం మీద నుంచి పెద్దబాపు చెయ్యి ఎత్తాడు. ఆయన మాట ఒక ఊపిరికి రెండు ముక్కలు.

"బాయి... కాలుతాంది. నేను, మీ బాపు... గోడ కట్టినం. లోపట అంటుకున్నదని... మూసిర్రు. ఆర్పలె."

కాలనీ కింద బొగ్గు తీయగా మిగిలిన స్తంభాలు ఇంకా ఉన్నాయి. పైకప్పు కూలకుండా నిలబెట్టిన బొగ్గు అది. ఇన్నేళ్ళూ గోడ వెనక అదే రగులుతూ, రగులుతూ ఈ ఇంటి కిందికి వచ్చింది. నేను నాలుగు గోడల మధ్య పొయ్యి కోసం వెతికాను. అటక కూడా ఎక్కాను. కాళ్ళ కింద చూడలేదు. మూడో ముద్ర వేసి ఉంటే, లేని పొయ్యి కోసం ఈ మనిషి ఊపిరి తీసేదాన్ని.

బాయి గాలి విషమని, దీపం చిన్నబోతే పరుగెత్తాలని మా బాపు చెప్పేవాడు. లేచి కిటికీలు రెండూ బార్లా తెరిచాను. "ఇగ తలుపు ముయ్యకు పెద్దమ్మా. రాత్రి కూడ. ఎవ్వలు ఏమన్నా సరే" అన్నాను.

జూలై 24. మబ్బు.

అనిరుద్ధ్ సారుకు చెబుదామని ఆఫీసుకు వెళ్ళాను. నిన్నటి అలవాటో ఏమో, గడప దగ్గర బూట్లు విడిచాను. రెండడుగులు వేసేసరికి అర్థమైంది. ఆ గది నేల కూడా వెచ్చనే. బల్ల కింది చెక్కపలక వంక చూశాను. నేను చూడడం ఆయన చూశాడు. లేచి తలుపు వేశాడు.

"మీకు ముందే ఎరుకనా సార్?"

తిరిగి వచ్చి కూర్చున్నాడు. "సులోచన గారూ, ఇరవై ఏళ్ళు కష్టపడ్డాం. ఒక్కో ఫ్యాక్టరీ, ఒక్కో బట్టీ, ఒక్కో బస్సు. మీకూ తెలుసు. ఇప్పుడు గని కాలుతోందని రాస్తే అది రాష్ట్రం ఖాతాలో పడుతుంది. ఇసుక నింపి ఆర్పాలంటే ఎన్నేళ్ళు పడుతుందో ఎవరికీ తెలియదు. అదే ఇంటి పొయ్యి అయితే కరెంటు తీసేస్తే ముగిసినట్టే."

"మంట ముగుస్తదా?"

"లెక్క ముగుస్తుంది."

ఇంతమాట అంటాడనుకోలేదు. కళ్ళెర్ర చేసి అంటే బాగుండేది, అలిసిపోయి అన్నాడు. ప్రకటన అయ్యాక చూద్దాం, ముసలాయనను నగరంలో ఆసుపత్రికి మార్పిస్తానన్నాడు. రాసివ్వమన్నాను. మల్లెపూల సెంటు సీసా తీసి గదిలో మరోసారి కొట్టాడు. అదే జవాబు అనుకుని వచ్చేశాను.

దారి పొడుగునా చెల్లె గుర్తొచ్చింది. దాని పేరు మీద నేను నమ్మిన సున్నా, నేల మీద గీసి చూపించే సున్నా అన్నమాట. కింద మంట కిందే ఉంటుంది, పైన సున్నా పైనే ఉంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతి నాకు తెలియదు, నేను మాత్రం ప్రయత్నిస్తాను.

జూలై 30. ముసురు మళ్ళీ పట్టుకుంది.

నేను చెబితే ఎవరు నమ్ముతారు? పొగ పోలీసమ్మ మాట. అందుకని వడియాలతోనే చెప్పించాను. పెద్దమ్మ పెద్ద గంగాళంలో పిండి కలిపింది. ఇంటికి పిడికెడు పంచి, మీ నేల మీద గుడ్డ వేసి పెట్టండి, పండగ మొక్కు అని చెప్పాను. మొక్కంటే మా కాలనీలో కారణం అడగరు.

మా ఇంట్లోవి బూజు పట్టాయి. వెనక వరసలో అందరివీ బూజే. కొమురమ్మ ఇంటి నుంచి మస్టరు హాలు దాకా ముందు వరసలో ఒక్కటి మిగలకుండా ఎండాయి. నేను సంతకానికి వెళ్ళినప్పుడు ఆఫీసు బీరువా వెనక దాచిన నాలుగూ ఎండాయి. అక్కడే గచ్చు పగిలి, వేలు పట్టేంత సందు ఉంది. ముక్కు ఆనించగానే ఎర్రబడింది. వేడి వరసంతా ఉన్నా, పొగ మాత్రం గచ్చు పగిలిన చోటే పైకి వస్తోంది. సెంటు ఎందుకో అప్పుడు తెలిసింది.

సాంబలక్ష్మి ఎండిన వడియాలు ఒళ్ళో పోసుకుని పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, నా ఇంట్ల పొయ్యి లేదే. నా పిల్లల మీద ఒట్టు, లేదే!"

"నాకెరుకనే."

"మరెట్ల ఎండినయ్?"

నేల మీద చెయ్యి పెట్టి చూడమన్నాను. వెళ్ళి చూసి వచ్చి, కొమురమ్మ ఇంటి గడప మీద కూలబడి ఏడ్చింది. పెద్దమ్మ మంచినీళ్ళిచ్చింది.

ఆగస్టు 6. వాన.

ఈ వారం ముద్ర సున్నా ఆఫీసుకు వేశాను. మస్టరు హాలు, ఇంటి నంబరు సి-1. పొగ ఉంది. పొయ్యి దొరకలేదు. దొరకాల్సిన పని లేదు, పొగ ఏ కప్పు కింద ఉంటే పొయ్యి ఆ కప్పువాళ్ళదే.

వారానికి ఒక్కటే కాబట్టి కొమురమ్మకు వేయడానికి నా దగ్గర ఇంకోటి లేదు.

అనిరుద్ధ్ సారు ఫోన్ చేసి నవ్వాడు. పొరపాటున నొక్కారేమో, పరికరం పాడైందేమో అన్నాడు. పొరపాటు కాదన్నాను. నవ్వు ఆపాడు.

ఆగస్టు 13. మబ్బు, ఉక్క.

రెండో ముద్ర కూడా సి-1కే.

ఈసారి సారు స్వయంగా ఇంటికే వచ్చాడు. మొదట బతిమాలాడు, తర్వాత ఉద్యోగం తీసేస్తానన్నాడు. ముద్రలు వెనక్కి తీసుకోమన్నాడు.

"నా చేతిల లేదు సార్. నడుమ మనిషి లేకుండ చేసింది మీరే గద."

"అయితే వినండి. ఇరవైన పొద్దున, కొత్త వారం ముద్ర చేతికి రాగానే, పక్క కాలనీ నుంచి ఇంకో ముక్కును పంపిస్తాను. కొమురమ్మ ఇంటికి మూడో ముద్ర అతను వేస్తాడు. మీది మీరు వేసుకోండి, ఎవరిది ముందు పడుతుందో చూద్దాం."

సారు ఓదేలు పెద్దబాపు ఊపిరిని పందెంలో పెట్టి వెళ్ళాడు. ఆ యంత్రం వాళ్ళ ఇంటి కరెంటుకే కట్టి ఉంది, వేరే ఇంట్లో పెడితే నడవదు. సాంబలక్ష్మిని పిలిచి మాట్లాడాను. ఆమె మొదట సారును నోటికొచ్చినట్టు తిట్టి, తర్వాత ఆలోచించి, "గుమ్మడికాయలు ఇంకెన్ని కావాలె?" అంది.

ఆగస్టు 20. ఎండ! నిజం ఎండ.

మస్టరు హాలు ముందు పందిరి వేశారు. పెద్ద తెర మీద అంకె తగ్గుతూ ఉంది. సున్నా కాగానే పెద్దసారు బటన్ నొక్కుతాడట. తెరకు, మైకుకు, కూలర్లకు ఆఫీసు లైనే.

పక్క కాలనీ మనిషి పొద్దున్నే దిగాడు. నడివయసు వాడు, పాపం మంచివాడిలాగే ఉన్నాడు. కొమురమ్మ వీధి మొదట్లోకి వచ్చి ఆగిపోయాడు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు చాపలు, చాపల నిండా పచ్చి వడియాలు. గుమ్మాల దాకా, గడపల మీద కూడా. కాలు పెట్టే సందు లేదు. చాపల పక్కన ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు.

"బూట్లు ఇడిచి రా తమ్మీ" అంది సాంబలక్ష్మి. "తినేటియ్యి."

"డ్యూటీల ఇడువద్దక్కా. రూలు."

"అయితే దాటుడు ఎట్లనో చెప్పు. తొక్కుతవా?"

తొక్కలేదు. తినేవాటి మీద బూట్లతో నడిచే మనిషిని మా దిక్కున ఏ తల్లీ కనలేదు. చాపల అంచున నిలబడి అటూ ఇటూ చూశాడు, ఫోన్ తీశాడు, మళ్ళీ జేబులో పెట్టాడు. కొమురమ్మ గుమ్మంలో నుంచి గిన్నెడు చల్ల పంపించింది. తాగుతూ అక్కడే నిలబడ్డాడు.

ఇదంతా తర్వాత సాంబలక్ష్మి చెప్పింది, నేనప్పుడు ఆఫీసులో ఉన్నాను. అందరూ పందిరి కిందే ఉన్నారు, గదిలో ఎవరూ లేరు. బూట్లు విడిచి, బీరువా పక్కకు జరిపి, సందు ముందు కూర్చున్నాను. సెంటు వాసనను తోసుకుంటూ పాత బొగ్గు వాసన పైకి వస్తోంది. చిన్నప్పుడు షిఫ్టు దిగి వచ్చిన మా బాపు అంగీ వాసన. ముక్కు ఎర్రగా వెలిగింది. మూడో ముద్ర వేశాను.

ముందు ఫ్యాను ఆగింది. తర్వాత బయట మైకు మాట మధ్యలో తెగిపోయింది. కిటికీలో నుంచి చూస్తే తెర నల్లగా ఉంది, అంకె లేదు. జనం ఒక్కసారి గోలగా లేచారు. వీధిలోకి పరుగెత్తాను. కొమురమ్మ ఇంటి నుంచి యంత్రం గుస్సుమనడం వినపడింది. కొంచెం ఆగి మళ్ళీ వినపడింది. ఆ చప్పుడుకు నాకు ఏడుపు వచ్చేసింది, ఎవరు చూస్తే నాకేం.

ఫోన్ మోగింది. అనిరుద్ధ్ సారు. మెత్తదనం ఎక్కడా లేదు. పెద్దసారు నల్లబడ్డ తెర ముందు నిలబడి ఉన్నాడట, ఇరవై జిల్లాలు చూస్తున్నాయట, కరెంటు వెంటనే కావాలట.

"మొదలు గీ వరస ఇండ్లు మార్చుర్రి. పెద్దబాపును ఆసుపత్రికి తీసుకపోండ్రి. గిది రాసి, సంతకం పెట్టి, మైకులనే చదువుర్రి" అన్నాను.

"మైకు పనిచెయ్యదు! కరెంటు ఎలా వస్తుందో చెప్పండి ముందు!"

"పొయ్యి ఆర్పుర్రి సార్" అన్నాను. "ముక్కు గదే పచ్చవడ్తది."